కార్డు చేతిలో ఉంది, పేరు లిస్టులో లేదు

2018 డిసెంబర్ 7, శుక్రవారం. తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలు. పొద్దున్నే ఏడింటికల్లా అమ్మ రెడీ అయిపోయింది, ఇస్త్రీ చీర కట్టుకుని, ఓటరు కార్డు రుమాల్లో చుట్టి పట్టుకుని. అమ్మకి ఓటంటే పండగే. 1983లో మొదటిసారి వేసిందట, అప్పుడు ఇంకా 21 ఏళ్ళు నిండితేనే ఓటు, అప్పటి నుంచి ఒక్కటి కూడా వదల్లేదు, సర్పంచ్ ఎన్నికతో సహా. అక్క కాన్పు టైంలో కూడా హాస్పిటల్ నుంచి వచ్చి వేసి మళ్ళీ వెళ్ళింది.

లైన్లో గంటన్నర నిలబడ్డాం. లోపలికి వెళ్ళాక మొదటి టేబుల్ దగ్గర కూర్చున్నాయన కార్డు తీసుకుని లిస్టులో వెతికాడు. ఒకసారి వెతికాడు, పేజీలు వెనక్కి తిప్పాడు, మళ్ళీ వెతికాడు. నాది దొరికింది. అమ్మది లేదు. చివర్లో తీసేసిన పేర్లున్న పేజీల్లో ఉంది, పేరు పక్కన ఇల్లు మారారు అన్నట్టు ఒక గుర్తు. ఇల్లు మారిన మాట నిజమే, అదే కాలనీలో మూడో గల్లీ నుంచి ఐదో గల్లీకి మారాం, అది కూడా రెండేళ్ళ కిందట, అందరం కలిసే మారాం. మరి నా పేరు ఎందుకుంది, అమ్మ పేరు ఎందుకు పోయింది అంటే అక్కడున్న ఎవరి దగ్గరా జవాబు లేదు. పాపం ఆయన్ని అనడానికి కూడా ఏం లేదు, ఆయనేదో వేరే డిపార్ట్‌మెంట్ నుంచి డ్యూటీ మీద వచ్చిన మనిషి, చేతిలో ఉన్న లిస్టు ఎలా ఉంటే అలా నడిపించాలి. అమ్మ మాత్రం కార్డు మళ్ళీ మళ్ళీ ముందుకి జరుపుతూనే ఉంది. "ఇది గవర్నమెంటోళ్ళు ఇచ్చిందే కదయ్యా, ఫోటో నాదే కదా, చూడు" అని. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

బయట ఇంకో పదిమంది దాకా ఉన్నారు అదే పరిస్థితిలో. ఒకాయన ఫోన్లో వాట్సాప్ మెసేజ్ చూపిస్తున్నాడు, లిస్టులో పేరు లేకపోయినా సెక్షన్ 49ఏ కింద ఛాలెంజ్ ఓటు అడగొచ్చు, ఆధార్ చూపిస్తే చాలు అని. మేము కూడా నమ్మి మళ్ళీ లోపలికి వెళ్ళి అడిగాం. అలాంటిది లేదన్నారు. తర్వాత నేను కూర్చుని చదివితే తెలిసింది, ఎన్నికల రూల్స్‌లో 49ఏ అంటే ఓటింగ్ మిషన్ ఎలా ఉండాలో చెప్పే రూల్, అంతే. ఛాలెంజ్ ఓటు అనేది ఉంది కానీ అది ఓటరు అడిగేది కాదు, లైన్లో వచ్చిన మనిషి అసలు మనిషి కాదు అని పోలింగ్ ఏజెంటుకి అనుమానం వస్తే ఆయన 2 రూపాయలు కట్టి ఛాలెంజ్ చేస్తాడు, ప్రిసైడింగ్ ఆఫీసర్ అక్కడికక్కడే విచారించి తేలుస్తాడు. నా ఓటు వేరేవాడు వేసేశాడు అంటే టెండర్ ఓటు ఉంది, అది 49పి, మిషన్ మీద కాకుండా కాగితం మీద వేయించి కవర్లో పెడతారు. ఈ రెండిటికీ పేరు లిస్టులో ఉండాలి. పేరే లేని మనిషికి ఆ రోజు, ఆ బూత్‌లో, ఏ దారీ లేదు. ఆ మెసేజ్ నేను ప్రతి ఎన్నికకీ ఏదో ఒక గ్రూపులో చూస్తూనే ఉన్నాను, దయచేసి ఫార్వర్డ్ చేయకండి, నమ్మి వెళ్ళినవాళ్ళు రెండోసారి అవమానపడి తిరిగొస్తారు.

ఆ రోజు సాయంత్రం టీవీలో చూస్తే మా ఒక్కళ్ళ గోడు కాదు. బ్యాడ్మింటన్ ప్లేయర్ గుత్తా జ్వాల తన పేరు లిస్టులో మాయమైందని ట్విట్టర్‌లో పెట్టింది. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి రజత్ కుమార్ గారు పేర్లు పోయినందుకు జనానికి క్షమాపణ చెప్పారు. చెప్పడం మంచిదే, కానీ ఐదేళ్ళకోసారి వచ్చే రోజు అది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఓటరు గుర్తింపు గురించి ఎక్కడ చర్చ జరిగినా, టీవీలో అయినా టీ కొట్టు దగ్గరైనా, అందరూ కార్డు దగ్గరే ఆగిపోతున్నారు. కార్డు ఉండాలా వద్దా, ఆధార్ కలపాలా వద్దా, దొంగ ఓట్లు ఆగుతాయా లేదా. మన దేశంలో బూత్ దగ్గర కార్డు చూపించడం అనేది పెద్ద గొడవ కానే కాదండి. గొడవంతా లిస్టు దగ్గర ఉంది. అది మా అమ్మ చేతిలో కార్డు పట్టుకుని నిలబడినప్పుడు నాకు అర్థమైంది.

బూత్ సంగతి ముందు చెప్తాను. ఓటరు కార్డు, అంటే ఎపిక్, 1993లో అప్పటి ఎన్నికల ప్రధాన కమిషనర్ టి.ఎన్. శేషన్ గారి టైంలో మొదలైంది. కార్డులు ఇవ్వకపోతే 1995 జనవరి 1 తర్వాత ఎన్నికలే జరపను అని ఆయన పట్టుబట్టారు, రాష్ట్రాలు ఖర్చెక్కువ అన్నాయి, విషయం కోర్టు దాకా వెళ్ళింది. ఇవాళ అదొక్కటే కాదు, ఎపిక్ లేకపోతే ఇంకో 12 రకాలు ఒప్పుకుంటున్నారు. ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్కు, డ్రైవింగ్ లైసెన్స్, పాన్, పాస్‌పోర్ట్, ఫోటో ఉన్న పెన్షన్ కాగితం, వికలాంగుల కార్డు, ఇలా. ఉపాధి హామీ కార్డుంటే చాలు అని చెప్పే దేశం చాలా గొప్పది అని నేను మనస్ఫూర్తిగా అంటాను, ఎందుకంటే ఆ కార్డు ఉండేది ఎండలో మట్టి తవ్వే మనిషి దగ్గర. ఒక్క మార్పు మాత్రం చాలామందికి తెలియదు. ఇంటికి పంచే ఓటరు స్లిప్పు ఇదివరకు గుర్తింపుగా పనికొచ్చేది, 2019 లోక్‌సభ ఎన్నికల నుంచి అదొక్కటే పట్టుకుని వెళ్తే పనికిరాదు. నంబరు తెలుసుకోడానికి మాత్రమే.

ఇంకో సంగతి, మన బూత్‌లో మనిషిని గుర్తుపట్టేది కార్డు ఒక్కటే కాదు. మొదటి ఆఫీసర్ సీరియల్ నంబరు, పేరు పైకి చదువుతాడు, వెనక బెంచీ మీద కూర్చున్న పార్టీల ఏజెంట్లు తమ దగ్గరున్న లిస్టులో గీత కొట్టుకుంటారు. వాళ్ళు ఆ ఊరివాళ్ళో ఆ వార్డువాళ్ళో అయి ఉంటారు. ఎవరు చచ్చిపోయారో, ఎవరు బొంబాయి పోయారో, ఎవరు దుబాయ్‌లో ఉన్నారో వాళ్ళకి నోటికొచ్చు. రెండో ఆఫీసర్ 17ఏ రిజిస్టర్లో సంతకమో వేలిముద్రో తీసుకుని ఎడమచేతి చూపుడువేలికి సిరా పెడతాడు, ఆ తర్వాతే మిషన్. ఇన్ని కళ్ళ ముందు ఒక మనిషి ఇంకొకరి పేరు చెప్పి ఓటేయడం కష్టమే, కానీ ఏజెంట్లంతా ఒకవైపే అయిపోతే, లేదా లేనివాళ్ళ పేర్లు లిస్టులో కుప్పలుగా ఉంటే, అప్పుడు జరుగుతుంది. జరిగింది కూడా.

దొంగ ఓట్లు అనేవే లేవు అని నేను అనను. తిరుపతి లోక్‌సభ ఉపఎన్నిక గుర్తుందా, 2021 ఏప్రిల్. బస్సుల్లో బయటివాళ్ళొచ్చారని ప్రతిపక్షాలు రోడ్డెక్కాయి. తర్వాత విచారణలో బయటపడ్డదేంటంటే ఓటరు నమోదు అధికారి లాగిన్ వాడి వేల సంఖ్యలో ఎపిక్ కార్డులు డౌన్‌లోడ్ చేశారని. 2024 జనవరిలో ఒక ఐఏఎస్ అధికారిని సస్పెండ్ చేశారు. దీన్ని కాస్త నిదానంగా ఆలోచించండి. కార్డు అడగడం వల్ల దొంగ ఓటు ఆగుతుంది అనుకున్నాం కదా, అక్కడ ఆరోపణే కార్డుల మీద. ఆఫీసులోని లాగిన్ ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు ప్రశ్న అయింది. లైన్లో నిలబడ్డ ముసలావిడని ఎంత గట్టిగా చెక్ చేస్తే మాత్రం ఆ లాగిన్‌కి తాళం పడుతుంది చెప్పండి.

సరే, లిస్టు దగ్గరికి వద్దాం.

2015 మార్చిలో ఎన్నికల సంఘం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది, ఓటరు లిస్టుని ఆధార్‌తో కలిపి డూప్లికేట్లు తీసేయడానికి. అదే ఏడాది ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆధార్‌ని రేషన్, గ్యాస్ లాంటి వాటికి తప్ప వేరేదానికి వాడొద్దని మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడంతో అది ఆగింది. ఐతే ఆ కొద్ది నెలల్లోనే తెలంగాణలో, ముఖ్యంగా హైదరాబాద్‌లో, చాలా ఊడ్చేశారు. 2018లో మాయమైన పేర్లకీ దానికీ సంబంధం ఉందని హైదరాబాద్‌కి చెందిన శ్రీనివాస్ కొడాలి గారు హైకోర్టుకి వెళ్ళారు. మా అమ్మ పేరు ఏ సాఫ్ట్‌వేర్ తీసిందో ఏ మనిషి తీశాడో నాకు ఇప్పటికీ తెలీదు, అడిగిన ఆఫీసులో కూడా చెప్పలేదు, ఫారం 6, అంటే పేరు కొత్తగా చేర్చమని అడిగే ఫారం, పెట్టుకోండి అన్నారు అంతే. పెట్టుకున్నాం, 2019 ఏప్రిల్ 11 లోక్‌సభ ఎన్నికలకి పేరు వచ్చింది, అమ్మ వేసింది.

చట్టం చూస్తే చాలా బాగుంటుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1950, సెక్షన్ 22, ఇల్లు మారారనో, అర్హత లేదనో ఒక పేరు తీసేయాలంటే ఆ మనిషికి ముందు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అంటే నోటీసు, విచారణ, తర్వాతే నిర్ణయం. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. ఢిల్లీ, ముంబైల్లో పోలీసుల రిపోర్టుల ఆధారంగా మీరు భారతీయులు కారేమో అని వేలమందికి నోటీసులిచ్చి కాగితాలు తెమ్మన్నారు. కోర్టు ఏమందంటే, ఒక మనిషి పేరు ఇదివరకే లిస్టులో ఉందంటే అప్పట్లో పద్ధతి ప్రకారమే చేర్చారు అని భావించి మొదలుపెట్టాలి, తీసేయాలనుకుంటే అనుమానానికి కారణం ఏంటో ఆ మనిషికి చెప్పాలి, వాళ్ళు తెచ్చినవన్నీ చూడాలి. నాకు ఈ తీర్పు చదివినప్పుడు కడుపు నిండినట్టయింది. ఎందుకంటే నువ్వు నువ్వే అని నిరూపించుకో అనడానికీ, నువ్వు నువ్వు కాదు అని మేము అనుకోవడానికి కారణం ఇదీ అనడానికీ చాలా తేడా ఉంది, ఆ తేడా చదువుకున్నవాడికి ఒక సాయంత్రం పని, కూలీకి మూడు రోజుల కూలి.

బీహార్‌లో 2025లో జరిగింది ఇందుకే అంత పెద్ద గొడవ అయింది. జూన్ 24న ఎన్నికల సంఘం స్పెషల్ ఇంటెన్సివ్ రివిజన్ అని ఆర్డర్ ఇచ్చింది, అంటే ఓటరు లిస్టు మొత్తం మళ్ళీ మొదటి నుంచి సరిచూడటం, అందరూ ఎస్ఐఆర్ అంటున్నారు. నవంబర్‌లో పోలింగ్, ఉన్నది 7.89 కోట్ల ఓటర్లు, ఫారాలు నింపి ఇవ్వడానికి నెల రోజులు. 2003 లిస్టులో పేరు లేనివాళ్ళు 11 రకాల కాగితాల్లో ఏదో ఒకటి చూపించాలి. 1987 జూలై 1కి ముందు పుట్టినవాళ్ళు తమది, ఆ తర్వాత పుట్టినవాళ్ళు తమదీ అమ్మానాన్నల్లో ఒకరిదీ, 2004 డిసెంబర్ 2 తర్వాత పుట్టినవాళ్ళు తమదీ అమ్మానాన్నలిద్దరిదీ. ఆ 11లో ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు, ఎన్నికల సంఘం తనే ఇచ్చిన ఓటరు కార్డు కూడా లేదు. పాస్‌పోర్ట్ ఉంది, పదో తరగతి సర్టిఫికెట్ ఉంది, కుల ధృవీకరణ ఉంది, బర్త్ సర్టిఫికెట్ ఉంది.

ఆ లిస్టు పేపర్లో చూసిన రోజు రాత్రి నేను అమ్మని పిలిచి బీరువాలో కాగితాల కవర్ తియ్యమన్నాను. ఊరికే చూద్దామని. బట్టల షాపు ప్లాస్టిక్ కవర్, దాన్లో అన్నీ మడతలు పెట్టి ఉన్నాయి. ఆధార్. రేషన్ కార్డు. గ్యాస్ బుక్కు. పాత ఓటరు కార్డు, లామినేషన్ అంచులు లేచిపోయి, ఫోటోలో అమ్మ ఎవరో కూడా తెలీనంత నల్లగా. కొత్త ఓటరు కార్డు. నాన్నది 1984 నాటి ఎల్ఐసీ బాండు, అది నాన్న పేరు మీద, నామినీ దగ్గర మాత్రం "భార్య" అని ఉంది, పేరు లేదు. ఇంటి కాగితాలు నాన్నవే. అమ్మ ఐదో తరగతి దాకా చదివింది, ఆ బడి టీసీ ఎవరి దగ్గరా లేదు. బర్త్ సర్టిఫికెట్ సంగతి అడిగితే "తాతని అడగాలి" అంది, తాత పోయి 20 ఏళ్ళు దాటింది. 1960లో పుట్టి, ఇక్కడే పెరిగి, ఇద్దరు పిల్లల్ని కని, మనవళ్ళని ఎత్తుకుని, 35 ఏళ్ళ పాటు ప్రతి ఎన్నికలో వేలికి సిరా పెట్టించుకున్న మనిషి దగ్గర ఆ 11లో ఒక్కటి కూడా లేదు. కుల సర్టిఫికెట్ మీసేవలో అప్లై చేస్తే వస్తుంది, కానీ దానికీ ఒక పని దినం, ఒక సంతకం, ఒక తిరుగుడు.

బీహార్‌లో ఆగస్టు 1న డ్రాఫ్ట్ లిస్టు వస్తే 65 లక్షల పేర్లు లేవు. చనిపోయినవాళ్ళు 22 లక్షలు, వలస పోయినవాళ్ళు లేదా దొరకనివాళ్ళు 36 లక్షలు, రెండు చోట్ల ఉన్నవాళ్ళు 7 లక్షలు అని చెప్పారు. ఇందులో చాలా భాగం నిజమే అయి ఉంటుంది, అది నేను ఒప్పుకుంటాను, 20 ఏళ్ళకి పైగా ఇంటింటికీ తిరిగి లిస్టు కొత్తగా రాయకపోతే చచ్చిపోయినవాళ్ళు అలాగే ఉండిపోతారు. కానీ మొదట్లో ఎవరి పేరు ఏ కారణంతో తీశారో లిస్టు బయట పెట్టలేదు. ఆగస్టు 12న, చనిపోయారని రాసేసిన ఇద్దరు మనుషుల్ని, పిటిషన్ వేసినవాళ్ళలో ఒకరైన యోగేంద్ర యాదవ్ గారు నేరుగా సుప్రీంకోర్టు హాల్లోకి తీసుకొచ్చి నిలబెట్టారు. రెండు రోజుల తర్వాత జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీ బెంచ్ 65 లక్షల పేర్లూ కారణాలతో సహా బయట పెట్టమంది. సెప్టెంబర్ 8న ఆధార్‌ని 12వ కాగితంగా తీసుకోమంది, పౌరసత్వానికి కాదు, మనిషి ఎవరో తెలియడానికి. సెప్టెంబర్ 30న ఫైనల్ లిస్టు 7.42 కోట్లు. డ్రాఫ్ట్ తర్వాత కొత్తగా చేరినవాళ్ళు 21 లక్షలకి పైనే.

నాకు అర్థమైనంతవరకు రెండు వైపులా వాదన ఇది. ఎన్నికల సంఘం అనేది, ఆర్టికల్ 326 ప్రకారం పౌరులకి మాత్రమే ఓటు, కాబట్టి లిస్టు శుభ్రంగా ఉంచడం మా బాధ్యత, చూసే అధికారం మాకుంది. ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ లాంటి సంస్థలు, పిటిషన్ వేసినవాళ్ళు అనేది, పౌరసత్వం తేల్చడం మీ పని కాదు, ఉన్న ఓటర్ని మళ్ళీ మొదటి నుంచి నిరూపించుకోమనడం చట్టంలో లేదు. నేను రెండో వైపే. లిస్టు శుభ్రం చేయొద్దని కాదు. చేయాలి, ప్రతి ఏడాదీ చేయాలి. మా పాత గల్లీలో ఒకాయన పోయి ఆరేళ్ళయినా ఓటు అలాగే ఉంది, వాళ్ళబ్బాయే చెప్పాడు. కానీ ఒకరి పేరు తప్పుగా మిగిలిపోతే అతను చనిపోయాడు కాబట్టి వచ్చి ఓటేయడు, వేరేవాడు వేయాలంటే ఏజెంట్ల కళ్ళు గప్పాలి. ఒకరి పేరు తప్పుగా పోతే ఆ ఓటు అక్కడికక్కడే పోయినట్టే. ఈ రెండు తప్పులూ ఒకే బరువు కాదు.

అమెరికాలో కూడా ఇదే చర్చ కదా అని మా కజిన్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, టెక్సాస్‌లో ఉంటాడు. 2025 మార్చి 25న ట్రంప్ సంతకం చేసిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ మొదట్లోనే ఇండియా, బ్రెజిల్ ఓటరు గుర్తింపుని బయోమెట్రిక్ డేటాబేస్‌తో కలుపుతున్నాయి అని రాశారు, మన గ్రూపుల్లో అది గర్వంగా తిరిగింది. నిజానికి మన దగ్గర ఆధార్ ఇవ్వడం తప్పనిసరి కాదు. 2021లో చట్టం మార్చి ఆధార్ అడిగే వీలు కల్పించి ఫారం 6బి తెచ్చారు, తెలంగాణ కాంగ్రెస్ నాయకుడు జి. నిరంజన్ గారు సుప్రీంకోర్టుకి వెళ్తే 2023 సెప్టెంబర్‌లో ఎన్నికల సంఘమే అక్కడ చెప్పింది, ఇది తప్పనిసరి కాదు, ఫారాల్లో ఆ మాట స్పష్టంగా వచ్చేలా మారుస్తాం అని. అప్పటికే 66 కోట్లకి పైగా ఆధార్ నంబర్లు ఎక్కించేశారు.

ఇంకో తేడా ఉంది, అది మా కజిన్‌కి కూడా చెప్పాను. అక్కడ ఓటరుగా నమోదు అవ్వడం మనిషి పని, చాలాచోట్ల తనే వెళ్ళి చేసుకోవాలి. పైగా అందరి దగ్గరా ఉండే ఒక జాతీయ కార్డు లేదు. అందుకే ఏ కార్డు ఒప్పుకుంటారన్నదే అక్కడ రాజకీయం. టెక్సాస్ 2011లో చేసిన చట్టంలో తుపాకీ లైసెన్స్ పనికొచ్చింది, యూనివర్సిటీ స్టూడెంట్ ఐడీ పనికి రాలేదు. మన దగ్గర మొదటి ఎన్నికల నుంచీ లిస్టు రాయడం ప్రభుత్వం పని. ఇంటికొచ్చి, తలుపు కొట్టి, ఇంట్లో 21 నిండినవాళ్ళు ఎవరున్నారు అని అడిగి రాసుకున్నారు. మొదటి ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్ గారి ఆధ్వర్యంలో అప్పట్లోనే 17 కోట్లకి పైగా పేర్లు రాశారు, ఎక్కువమందికి చదువు రాని దేశంలో. ఆ లిస్టులో సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు తీసేయాల్సి వచ్చింది, ఎందుకంటే ఉత్తరాదిలో చాలామంది సొంత పేరు చెప్పకుండా ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని రాయించుకున్నారు. నాన్న బాండులో "భార్య" అన్న ఒక్క మాట చూసినప్పుడు నాకు ఆ 28 లక్షల మందే గుర్తొచ్చారు.

మన తెలుగువాళ్ళకి పేర్ల తంటా ఇంకా ఎక్కువ. ఇంటిపేరు ముందు రాస్తాం, కంప్యూటర్ వెనక అడుగుతుంది. కొందరికి ఇనిషియల్ మాత్రమే. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారుతుంది, కొన్ని కాగితాల్లో మారుతుంది, కొన్నిట్లో మారదు. ఎస్ఐఆర్ రెండో విడత 2025 అక్టోబర్ 27న ప్రకటించినప్పుడు 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు, సుమారు 51 కోట్ల ఓటర్లు అన్నారు, మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు, కానీ దేశమంతా చేస్తామని మొదటి ఆర్డర్లోనే ఉంది. అక్కడ, ఇంతకుముందు ఇలా సరిచూసినప్పటి పాత లిస్టులో తమ పేరు లేని పెళ్ళయిన ఆడవాళ్ళు భర్త పేరు కాదు, పుట్టింటివాళ్ళ పేరు చూపించాల్సి వచ్చింది. పుట్టిల్లు వేరే జిల్లా, వేరే రాష్ట్రం అయితే ఆ లిస్టు వెతకడం వాళ్ళ పని.

మన తెలంగాణకి ఆ పాత లిస్టు 2002ది. అమ్మ పేరు వెతుకుదామని నేను ఒక ఆదివారం మొత్తం కూర్చున్నాను. అప్పుడు మేము భువనగిరి దగ్గర ఊళ్ళో ఉండేవాళ్ళం. 2008 డీలిమిటేషన్‌లో నియోజకవర్గాలు మారిపోయాయి కాబట్టి ఇప్పటి పేరుతో వెతికితే మన ఊరు కనపడకపోవచ్చు, అప్పట్లో ఏ నియోజకవర్గంలో ఉందో తెలియాలి, తర్వాత ఏ బడిలో బూత్ ఉండేదో తెలియాలి. స్కాన్ చేసిన కాగితాలు, కొన్ని అక్షరాలు సగం చెరిగిపోయి. పెద్దనాన్నకి ఫోన్ చేస్తే "చావడి పక్కన పాత బడి, బిడ్డా, కొత్తది కాదు" అన్నాడు, ఆ మాటతో దొరికింది. నాన్న పేరు కింద అమ్మ పేరు. ఇంటిపేరు లేదు. పేరు చివర "మ్మ" లేదు. వయసు ఐదేళ్ళు తక్కువ. ఇంటి నంబరు నాన్నదీ అమ్మదీ వేరు వేరు. ఇప్పుడు ఇది మా అమ్మే అని నాకు తెలుసు, పెద్దనాన్నకి తెలుసు, ఊరంతటికీ తెలుసు. కంప్యూటర్లో రెండు పేర్లు పక్కపక్కన పెట్టి చూసే మనిషికి తెలుస్తుందా అన్నదే నా భయం.

హైదరాబాద్‌లో ఉండి ఊళ్ళో ఓటున్నవాళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నిజాయితీగా మాట్లాడాలంటే అదీ మాట్లాడాలి. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లోనూ ఒకే రోజు పోలింగ్, హైదరాబాద్ నుంచి కోస్తా వైపు బస్సులు, రైళ్ళు కిటకిట. ఊరికి పోయి ఓటేయడం తప్పు కాదు. రెండు చోట్లా పేరు ఉంచుకోవడం తప్పు, అదే 1950 చట్టం సెక్షన్ 17, 18 ప్రకారం ఒక మనిషికి ఒక్క చోటే. మన బంధువుల్లో చాలామందికి రెండున్నాయి, ఊళ్ళోది తీయించడానికి మనసొప్పదు, సంక్షేమ పథకాలు ఆగుతాయేమో అని భయం కొందరికి. డూప్లికేట్ల మీద ఎన్నికల సంఘం చెప్పేదానికి బలం మనమే ఇస్తున్నాం. ఇల్లు మారితే ఫారం 8 పెట్టండి, పది నిమిషాల పని, పాత పేరు పోతుంది, కొత్త చోట వస్తుంది.

ఫారం 7 మీద మాత్రం కన్నేసి ఉంచండి. అది ఇంకొకరి పేరు తీసేయమని పెట్టే ఫారం. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో లక్షల్లో ఆన్‌లైన్‌లో పడ్డాయి, చాలా వాటిల్లో ఎవరి పేరు మీద పెట్టారో వాళ్ళకే తెలీదు, పోలీసు కేసులు కూడా అయ్యాయి. అబద్ధం చెప్పి పెడితే సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు ఉంది. పేరు పోయిందని తెలిస్తే ఊరుకోకండి, సెక్షన్ 24 కింద కలెక్టర్‌కి అప్పీల్ పెట్టొచ్చు, అక్కడ కాకపోతే రాష్ట్ర ప్రధానాధికారికి. మేము 2018లో పెట్టలేదు. ఫారం 6 పెట్టుకోమంటే పెట్టుకుని వచ్చేశాం, ఎందుకు తీశారో రాతపూర్వకంగా అడగలేదు, అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

బయట దేశాల్లో ఉన్నవాళ్ళు, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు, ఫారం 6ఏ మీకు. కార్డు ఇవ్వరు, బూత్‌లో ఒరిజినల్ పాస్‌పోర్ట్ చూపించి వేయాలి, మనిషి రావాల్సిందే. 2024లో దేశం మొత్తం మీద 1.19 లక్షల మంది అలా నమోదైతే వచ్చి వేసింది 2,958 మంది.

మా బీఎల్ఓ, అంటే మా బూత్ లిస్టు చూసుకునే ఆఫీసర్, అంగన్‌వాడీ టీచర్, పొద్దున పిల్లలకి గుడ్డు పెట్టి, మధ్యాహ్నం లిస్టు పట్టుకుని మెట్లెక్కుతుంది. పోయిన నెల వచ్చినప్పుడు అమ్మ ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, 2002 లిస్టు ప్రింటు తీసి చూపించింది. నేను తీసిన ప్రింటే, పేరు దగ్గర పెన్నుతో గీత గీసి పెట్టాను. ఆమె తన ఫోన్లో ఫోటో తీసుకుంది. "ఇది జాగ్రత్తగా పెట్టుకోండమ్మా" అని చెప్పి పక్కింటికి వెళ్ళింది. అమ్మ దాన్ని మడత పెట్టకుండా అలాగే నిలువుగా ఆ కవర్లో పెట్టింది, నాన్న ఎల్ఐసీ బాండు వెనక.